చెప్పుల వరస

డాక్టర్ జోగారావు మాస్టారు అడిగిన వెంటనే జవాబు చెప్పిన మనిషి కాదు. ఎవరైనా సందేహం తెస్తే చేతికర్ర అందుకుని "పద" అనేవారు. ఆయన దగ్గర వైద్యం చదివిన మాకు విద్య కంటే ముందు కాళ్ళనొప్పులు వచ్చాయని వేళాకోళం చేసుకునేవాళ్ళం.

నా సహాధ్యాయిని డాక్టర్ నీలవేణి దేశమంతటికీ కొత్త వైద్య విధానం రాసే సంఘంలో సభ్యురాలైంది. ముసాయిదాలో మొదటి అధ్యాయం ఆమెదే. అది పట్టుకుని మాస్టారి ఇంటికి వచ్చింది.

"ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే వరస ఉండాలి, ఎవరి వంతు వారికి తప్పకుండా రావాలి. పైనున్నవాళ్ళు ఈ ఒక్కటీ నిలబెడితే చాలదా మాస్టారూ?" అని అడిగింది.

ఆయన "రేపు పొద్దున పద" అన్నారు. మర్నాడు పొద్దున్నే ఆమెని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, చీటీలిచ్చే కిటికీ ముందు వరసలో నిలబెట్టి, తానూ పక్కనే నిలబడ్డారు. ఆమెకి ఏం చూపిద్దామనుకున్నారో మాకు ఇప్పటికీ తెలియదు.

ఆ వరసలో మనుషుల కంటే చెప్పులే ఎక్కువ. మా వైపు అదొక అలవాటు. పెందరాళే వచ్చి, చెప్పులు విడిచి చోటు పట్టుకుని, నీడన కూర్చుంటారు. వరస కదిలినప్పుడల్లా వెనకవాళ్ళు ముందున్న చెప్పుల్ని కాలితో జరుపుతారు. ఎంత తొందరున్నవాడైనా ఇంకొకరి చెప్పులు దాటిపోడు. నీలవేణి మురిసిపోయింది. "చూశారా మాస్టారూ, పోలీసు లేడు, అరుపులు లేవు. నేను రాసిందే ఇక్కడ జరుగుతోంది!" అంది.

ఆమె ముందు నలభై ఏళ్ళ మనిషి ఒకామె ఉంది. చలిపొద్దున కూడా కొంగుతో విసురుకుంటోంది. వెనక్కి తిరిగి, "అమ్మా, నా సెప్పులు కాస్త సూస్తుండు. కాళ్ళు నిలవటం నేదు. ఆ గోడ కాడ కూకుంటాను," అంది. పిన్నీసు పెట్టిన నీలం రబ్బరు చెప్పులు.

"వెళ్ళి కూర్చోమ్మా. నీ వంతు ఎక్కడికీ పోదు," అని మాట ఇచ్చింది నీలవేణి.

మాట నిలబెట్టుకుంది కూడా. కిటికీ తెరిచాక వరస నత్తనడకన సాగింది. ఒకతను మధ్యలో దూరబోతే ఆ చెప్పులు చూపించి గట్టిగా కేకలేసింది. గంటన్నరకి నీలం చెప్పులు కిటికీ ముందుకు వచ్చాయి.

"ఈ చెప్పులెవరివండీ?" అన్నాడు గుమాస్తా.

"ఆవిడవి. పిలుస్తానుండండి," అంటూ నీలవేణి హుషారుగా గోడ దగ్గరికి వెళ్ళింది. పిలిచింది. పలకకపోతే భుజం తట్టింది. ఆ మనిషి అలాగే పక్కకి ఒరిగిపోయింది. నీలవేణి మణికట్టు పట్టుకుంది, మెడ దగ్గర వేళ్ళు పెట్టింది, గుండె మీద చెవి పెట్టింది. ఏమీ లేదు. ఒళ్ళు చల్లబడి చాలాసేపయింది. ఆ గోడకి ఇరవై అడుగుల దూరంలో అత్యవసర విభాగం తలుపు బార్లా తెరిచే ఉంది.

అంతకంటే ఘోరం, ఆ తరవాత జరిగింది. వెనకున్న పెద్దాయన కాసేపు నిలబడి చూశాడు. ఏం చెయ్యాలో తోచక నీలం చెప్పుల్ని వంగి తీసి, భద్రంగా పక్కన పెట్టాడు. వరస కదిలింది.

నీలవేణి నేల మీద కూలబడిపోయింది. "ఆవిడ వంతు పోకుండానే చూశాను మాస్టారూ. ఎవర్నీ దాటనివ్వలేదు," అంటూ అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

మాస్టారు ఆమె పక్కనే కూర్చున్నారు. నలభై ఏళ్ళు నాడి చూసిన ఆయన చేతులు ఒళ్ళో ఊరికే పడున్నాయి.

"ఇద్దరం డాక్టర్లమే తల్లీ," అన్నారు. "నేనూ ఆ చెప్పుల్ని రెండుసార్లు జరిపాను."