పదకొండో ఎపిసోడ్ తర్వాత

"ఈ ఒక్క పూటా సెలవివ్వండి మాస్టారూ," అంది కెజియా. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

పదో తరగతి పిల్ల. రేపల్లెలో దావీదు మాస్టారి దగ్గర బుర్రకథలో వంత నేర్చుకుంటోంది. కథ చెప్పేది ఆయన. పక్కన గుమ్మెట వాయిస్తూ, ఏమీ ఎరగనట్టు "అయ్యో, ఆ తర్వాత?" అని అడగాల్సింది ఈమె. ఆ ఆదివారం పొద్దుట మాత్రం, రాజు వేటకి బయల్దేరాడని మాస్టారు అన్నారో లేదో, "పాపం, పులి చంపేస్తుంది" అనేసింది. ఇంకేం కథ!

"నిద్రపోలేదా?" అన్నారు మాస్టారు.

"ఫోన్లో సిరీస్ చూస్తున్నానండి. పదహారు ఎపిసోడ్లు. పదకొండయ్యాయి."

"అంత బాగుందా?"

"బోరండీ. మా క్లాసులో అందరూ చూసేశారు. మధ్యాహ్నం మెట్ల మీద బాక్సులు తెరిస్తే అదే మాట. నాకేమీ తెలీదు, ఏం మాట్లాడను? శుక్రవారం నా చోట్లో వేరే అమ్మాయి కూర్చుంది. ఒక్కదాన్నే క్లాసులో తిన్నాను."

పదిహేనేళ్ళ పిల్లకి అంతకంటే పెద్ద కష్టం ఏముంటుంది చెప్పండి? మనకి నవ్వొస్తుంది గానీ.

మాస్టారు నవ్వలేదు. భుజం మీది తంబురా తీసి ఆమెకిచ్చారు. ఆమె గుమ్మెట తను పుచ్చుకున్నారు.

"ఆ పదకొండూ చెప్పు."

"ఇద్దరు అక్కాచెల్లెళ్ళండీ..." అని గొణిగింది.

"అయ్యో, తల్లి లేదూ?"

"లేదండీ. అక్కే పెంచింది. ఒకరోజు అక్క కనపడదు."

"ఆ తర్వాత?"

అరవయ్యేళ్ళు దాటిన మనిషి అలా నోరు తెరుచుకుని వింటుంటే కెజియాకి ఊపొచ్చింది. బోరన్న కథనే గంటసేపు చెప్పింది. మధ్యలో లేచి నిలబడింది కూడా. చాలా సంతోషంగా ఉంది పిల్ల.

"మెట్ల మీద ఎంతమంది కూర్చుంటారు?" అన్నారు మాస్టారు.

"ఆరుగురండీ. అందరూ చూసినవాళ్ళే."

"ఆరుగురూ కథకులేనన్నమాట." గుమ్మెట ఆమె ఒళ్ళో పెట్టారు. "మరి వంత ఎవరమ్మా?"

కెజియా గుమ్మెట మళ్ళీ భుజానికి తగిలించుకుంది. సెలవు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

సోమవారం మధ్యాహ్నం బాక్సు పట్టుకుని మెట్ల దగ్గరికెళ్ళింది. "పదకొండు దగ్గరే ఆగిపోయానే," అంది. "ఆ తర్వాత?"

ఆరుగురూ ఒక్కసారే మొదలెట్టారు. తన చోట్లో కూర్చున్న అమ్మాయి, చెబుతూ చెబుతూనే, కాస్త పక్కకి జరిగింది.