కనకరత్నం పస్తున్న రోజు

వరండాలో అడిగిన ప్రశ్నకు పెద్దింటి డాక్టరుగారు జవాబు చెప్పేవారు కాదు. తన గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించినప్పుడు అడిగినా అంతే. “మంచం దగ్గర అడుగు నాయనా” అనేవారు. రోగి ఎదుట అడగలేని ప్రశ్న వైద్యుడికి అక్కర్లేదని ఆయన నమ్మకం. విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో కడుపు ఆపరేషన్ల విభాగానికి ఆయన పెద్ద. డెబ్బై దాటినా చెయ్యి వణకదు, మాట తూలదు.

ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఇద్దరు. ఒకడు భార్గవ, రెండో ఆవిడ షహనాజ్. భార్గవ ఒకనాడు వరండాలో ఆయన వెనకాలే నడుస్తూ అడిగాడు: “సార్, క్లోమంలో చిన్న గడ్డ కనబడితే ఎప్పుడు కొయ్యాలి? ఎప్పుడు ఊరుకోవాలి?”

పైకి అది శాస్త్రం ప్రశ్నే. లోపలిది వేరు. మొన్న షహనాజ్ చేతికిచ్చిన కత్తి నా చేతికెందుకివ్వలేదన్నది అసలు ప్రశ్న. ఆయన ఎప్పటిలాగే మంచం దగ్గర అడగమని వెళ్ళిపోయారు.

క్లోమం అంటే పాత బడిపుస్తకాల్లో జీర్ణరసాల దగ్గర కనబడి, పరీక్ష అయిన మర్నాటికి మరపున పడే మాట. జీర్ణాశయం వెనకాల, పిలవని పేరంటానికొచ్చిన చుట్టంలా ఒదిగి పడుకుని ఉంటుంది. తల కుడివైపు, తోక ఎడమవైపు. దాని జోలికి పోనన్నాళ్ళూ సాధువే. చెయ్యి వేస్తే మాత్రం తన రసంతో చుట్టుపక్కల ఉన్నవాటినే అరిగించెయ్యగలదు. అందులో ఒక్కోసారి హార్మోన్లు చేసే కణాలు గింజకట్టి చిన్న గడ్డ అవుతాయి. స్కానింగులు లేని రోజుల్లో ఆ గింజను ఒంట్లో పెట్టుకునే నిండు నూరేళ్ళూ బతికి వెళ్ళిపోయినవాళ్ళు ఎందరో. ఇప్పుడు వెతుకుతున్నాం, దొరుకుతున్నాయి. సరే, కథలోకి వద్దాం.

భార్గవ ఆ ప్రశ్న అడగడానికి కొన్నాళ్ళ ముందు, బొబ్బిలి దగ్గర పల్లె నుంచి పైడితల్లి అనే ఆవిడ వచ్చింది. పొద్దున్నే పనిలోకి దిగేసరికి ఒళ్ళంతా చెమట పట్టేది, మాట తడబడేది, కట్టుకున్నవాణ్ణే ఎవరు నువ్వని అడిగేది. ఊళ్ళో దెయ్యం పట్టిందని వేపమండలతో మంత్రం వేశారు. ఇక్కడ ముందుగా చూసినవాడు భార్గవ. మూర్ఛ అనుకుని నరాల డాక్టరు దగ్గరికి పంపేశాడు. అక్కడినుంచి తిరిగొచ్చినప్పుడు షహనాజ్ చూసింది. పైడితల్లి మొగుడి పంచె కొంగున ఎప్పుడూ పంచదార పొట్లం ఎందుకుంటోందని అడిగింది. “నోట్లో ఏస్తే మనిషవుద్దమ్మా” అన్నాడాయన. అంతే, గుట్టు బయటపడింది. పస్తు ఉంచి చూస్తే పన్నెండు కొట్టకుండానే రక్తంలో చక్కెర పాతాళానికి దిగిపోయింది. తోకలో శనగగింజంత గడ్డ, వేళాపాళా లేకుండా ఇన్సులిన్ కక్కుతోంది. పెద్దింటి వారు పక్కన నిలబడి, కత్తి షహనాజ్ చేతికిచ్చారు.

ఆనాటి నుంచి భార్గవకు అన్నం సయించలేదు. క్యాంటీన్‌లో షహనాజ్ నవ్వితే తనను చూసే నవ్విందనిపించేది. జూనియర్లు ఆమెను ఏదైనా అడిగితే తనను అడగలేదనిపించేది.

ఈలోగా పైడితల్లిని చూడ్డానికి తోడికోడలు కనకరత్నం వచ్చింది. మంచం చుట్టూ చుట్టాలు, అరటిపళ్ళు, బొండాలు చూసింది. తన మొగుడు కూడా వదిన మంచం కోడు పట్టుకుని కూర్చోవడం చూసింది. ఆ సాయంత్రానికి ఆవిడకూ కడుపులో నొప్పి వచ్చింది.

“నన్నూ ఆ మిషన్లో ఎట్టండి బావూ” అంది భార్గవతో.

పెడితే దొరికింది. క్లోమం తల దగ్గర, ఇదీ శనగగింజంతే. సూదితో ముక్క తీసి చూస్తే నెమ్మది రకమని తేలింది. కనకరత్నం ముఖం వెలిగిపోయింది. “పైడితల్లప్పకి సేసినట్టే నాకూ సెయ్యండి.”

భార్గవ ముఖమూ వెలిగింది. తోక కొయ్యడం ఒక ఎత్తు, తల తియ్యడం ఇంకో ఎత్తు. దాంతోపాటు పేగులో ముక్క పోవాలి, పైత్యరసనాళం పోవాలి, మళ్ళీ మూడుచోట్ల అతుకులు వెయ్యాలి. అది చేసినవాణ్ణి ఊరంతా చూస్తుంది. “ఉంచితే ఎప్పుడేమవుతుందో చెప్పలేం, తీసేస్తే నిశ్చింత” అన్నాడు. మిగతాది చెప్పలేదు. ఆపరేషన్ థియేటర్ బయట బోర్డు మీద గురువారం గడిలో కనకరత్నం పేరు గుండ్రంగా రాశాడు.

ఆ రాత చూసి పెద్దింటి వారు కళ్ళజోడు సర్దుకున్నారు. “చిన్నది ఎప్పుడు కొయ్యాలని అడిగావుగా? రేపు ఆవిణ్ణి పస్తుంచు. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చో. ఏం జరిగిందో సాయంత్రం నాకు చెప్పు.”

“ఆవిడకి కళ్ళు తిరగడం లాంటివేమీ లేవు సార్.”

“అందుకే.”

మర్నాడు పొద్దున భార్గవ కుర్చీ వేసుకు కూర్చున్నాడు. టీ తాగొద్దామని లేవబోతే కనకరత్నం ఊరుకోలేదు. “తాగి రండి బావూ. మీరు తాగొస్తే నానూ తాగీస్తాను.” ఏం చేస్తాడు, కూర్చుండిపోయాడు. గంట గంటకూ వేలు గుచ్చి చూశాడు. చక్కెర నిలకడగా ఉంది. ఆవిడ తల దువ్వుకుంది, మొగుణ్ణి తిట్టింది, చచ్చిపోయిన అత్తగార్ని కూడా విడిచిపెట్టలేదు. చెమట చుక్క పట్టలేదు.

“పాతికేళ్ళనుంచి ఆ కొంపకి నానే వొండి వార్సినాను. ఒక్కడైనా తిన్నావా అన్నాడేటి? ఆవిడ దబ్బున పడింది, మహారాణైపోయింది.”

అప్పుడే షహనాజ్ పైడితల్లి చెయ్యి పట్టుకుని వార్డులో నడిపించుకుంటూ అటుగా వచ్చింది. వెనకాల చుట్టాలు, ఆ వెనకాల ఇద్దరు జూనియర్లు.

“సూడండి సూడండి, పెళ్ళికూతురు నడిసినట్టు నడస్తంది” అని పళ్ళు కొరికింది కనకరత్నం. భార్గవ అటే చూస్తున్నాడు. ఆవిడ తలతిప్పి అతని ముఖంలోకి చూసింది. “మీరేటి బావూ, మా అప్పని సూస్తన్నారా? ఆ డాట్రమ్మనా?”

“ఎవర్నీ లేదమ్మా.”

“అబద్దం. ఆ సూపు నాకు తెల్దేటి? పాతికేళ్ళు సూసినాను.” కొంచెం జాలిగా అంది: “అయితే మీకూ తోడికోడలుందన్నమాట.”

భార్గవ ఆవిడ వేలు అందుకున్నాడు. గంట కాకుండానే మళ్ళీ సూది గుచ్చాడు.

సాయంత్రం పెద్దింటి వారు వచ్చి మంచం అంచున కూర్చున్నారు. “గడ్డ ఏం చేసింది?”

“ఏమీ చెయ్యలేదు సార్.”

“ఆకలి సేసింది!” అంది కనకరత్నం. “ఏటీ సెయ్యకపోతే తియ్యరా? అప్పది మాత్రం తీసినారు.”

“మీ అప్పదీ శనగగింజంతేనమ్మా. తిండి గంట ఆలస్యమైతే ఇల్లు గగ్గోలెత్తించేది. అలాంటిది ఎంత చిన్నదైనా తీసేస్తాం. నీది ఊరికే కూర్చుంది. దాన్ని తియ్యాలంటే క్లోమం తలా, పేగూ, నాళం కోసి మూడుచోట్ల అతకాలి. ఒక్క అతుకు కారినా నెలల తరబడి మంచమే. కొన్నాళ్ళకు చక్కెర జబ్బు రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకో. పెరిగినా, పక్కనున్న గొట్టాన్ని నొక్కినా అప్పుడు నేనే తీస్తాను.”

కనకరత్నం భార్గవకేసి తిరిగింది. “ఇయ్యేటీ మీరు సెప్పనేదేటి?”

భార్గవ తల దించుకున్నాడు. “సగమే చెప్పానమ్మా.”

ఆవిడ తిట్టలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుంది. తర్వాత లెక్కేదో కుదిరినట్టు అంది: “ఆర్నెల్లకోపాలి మా ఆయనే తోడు రావాల. మా ఇద్దరమే, బస్సులో. అప్ప రాకూడదు.”

“ఆ ముక్క మీ ఆయనకి నేనే చెబుతాను. ముందు అన్నం తిను” అన్నారు పెద్దింటి వారు లేస్తూ.

భార్గవ థియేటర్ దగ్గరికి నడిచాడు. గురువారం గడిలో గుండ్రటి అక్షరాలు అలాగే ఉన్నాయి. జేబురుమాలుతో తుడిచాడు. సిరా పూర్తిగా పోలేదు, నీలం మరక మిగిలింది. వెనకాల పెద్దింటి వారి చెప్పుల చప్పుడు వినబడి ఆగాడు.

“నువ్వూ పొద్దుట్నుంచి పస్తేనటగా?”

“అవును సార్.”

ఆయన ఆ మరకకేసి చూశారు.

“ఆవిడది ఊరికే కూర్చుంది. నీ లోపలిది మాత్రం ఊరికే కూర్చోలేదు నాయనా.”