రోకలిబండ ఎందుకు చుట్టుకుంటుంది?

ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో ఆవగింజంత అబద్ధం కూడా లేదు. ఉంటే ఈ క్షణమే నా తెల్లజుట్టంతా నల్లబడిపోవాలి, ఒట్టు!

ఒకప్పుడు రోకలిబండకి వంగడమంటే తెలీదు. రోకలిబండంటే వడ్లు దంచేది కాదర్రా. వానాకాలం గోడవారన నల్లగా నిగనిగలాడుతూ పాకుతుందే, ఆ పురుగు. అప్పట్లో దాని ఒళ్ళు ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకటే ముక్క. ఇనపచువ్వలా నిటారుగా ఉండేది. కాళ్ళు మాత్రం లెక్కలేనన్ని. లెక్కపెడదామని కూర్చున్న కోతి ఒకటి సగంలోనే ముసలిదైపోయింది. ఇక నడకంటారా, రోకలిబండ సోమవారం వెళ్ళిన దారిలో దాని నీడ మంగళవారం వెళ్ళేది.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. ఎంత ఎండంటే, కోళ్ళు ఉడికిన గుడ్లే పెట్టేవి. ఏనుగుతల కొండ కింద వాగు ఎండిపోయింది. వాగొడ్డున ఆకుల కింద బతికే పురుగులన్నిటికీ గొంతులు ఆరిపోయాయి. కొండ కొమ్మున ఊట పక్కన మాత్రం ఒక బండ ఉంది. దాని కింద ఎప్పుడూ చెమ్మే. అయితే కొండకి అవతలివైపున్న తేళ్ళ కన్ను కూడా ఆ బండ మీదే పడింది.

కొండ మీద ఒక పద్ధతుంది. ఎవరు ముందు వెళ్ళి ఆకు పరిస్తే చోటు వాళ్ళది. మనం బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టమూ, అలాగే.

"మరిదీ, నువ్వే వెళ్ళాలి," అంది జెర్రి. జెర్రి రోకలిబండకి వదిన వరస. అప్పుడే గుడ్లు పెట్టి, వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నీకంటే వేగంగా వెళ్ళేవాళ్ళు లేరు. ఆ చోటు దొరక్కపోతే నా గుడ్లు ఎండిపోతాయి."

"ఓస్, అంతేనా వదినా! నువ్వు మూట సర్దుకునేలోపు ఆకు పరిచేస్తా."

"పరుస్తావులే గానీ, బండలు పెనాల్లా కాలుతున్నాయి. ఉత్త కాళ్ళతో వెళ్ళకు. చెప్పులు కుట్టించుకో. వాటికి ఆముదం రాసి ముందు ఇంట్లోనే అటూ ఇటూ తిరుగు. మెత్తబడితే కరవవు."

రోకలిబండ చింతబెరడుతో చెప్పులు కుట్టించుకుంది. అన్ని కాళ్ళకీ చెప్పులంటే మాటలా? చుట్టుపక్కల చింతతోపంతా బోడిగా మిగిలింది. అయితే చెప్పులకి ఆముదం రాయలేదు. ఒక్కసారైనా తొడిగి చూడలేదు. ఆకులో చుట్టి దాచిపెట్టింది.

"అదేమిటి మరిదీ, తొడుక్కుని తిరగమన్నానా?"

"కొత్త చెప్పులు మంచి ఘడియలో, గడప దాటేప్పుడే తొడగాలి వదినా. ముందే తొడిగితే పాతబడిపోవూ? చూసినవాళ్ళేమంటారు?"

"చూసినవాళ్ళ సంగతి సరే, నీ కాళ్ళేమంటాయో చూసుకో!"

రోకలిబండ వినలేదు. రాహుకాలం పోవాలంది. వర్జ్యం పోవాలంది. మంచి ఘడియ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అప్పుడు వరసగా పేర్చిన చెప్పుల్లో కాళ్ళన్నీ దూర్చి టకటకటకమంటూ కొండెక్కడం మొదలుపెట్టింది. ఆ టకటకకి నెమళ్ళు ఉరిమిందనుకుని పురి విప్పేశాయి.

మొదటి మలుపు దగ్గర నడిమి కాలికి చెప్పు కరిచింది. ఆ పక్క చెప్పులో ఇసకరేణువు దూరింది.

"పోనిద్దూ, నాకు కాళ్ళకేమైనా కరువా!" అనుకుంది రోకలిబండ.

కానీ ఒక కాలు కుంటితే దాని పక్క కాలికి బరువెక్కువైంది. అదీ కుంటింది. దాన్ని చూసి దాని వెనకది. కొండ సగం ఎక్కేసరికి అన్ని కాళ్ళూ కుంటుతున్నాయి. ఇంక అడుగు పడలేదు. దబ్బున కూలబడింది.

అక్కడ నత్త అత్త మెల్లిగా జారుకుంటూ వెళ్తోంది. తన నడక సంగతి తనకి తెలుసు కాబట్టి, ఉగాది వెళ్ళగానే బయల్దేరింది పాపం.

"ఏరా, ఇక్కడ కూర్చున్నావేం?"

రోకలిబండ జవాబు చెప్పేలోపే ఒక తేలు అవతలి దారినుంచి వచ్చింది. కొండికి ఆకు గుచ్చుకుని జెండాలా ఎత్తిపట్టుకుంది.

"ఏం రోకలీ, కొత్త పెళ్ళికొడుకులా కూర్చున్నావు? చెప్పులు బాగున్నాయి! అరిగిపోతాయని నడవట్లేదా?" అని పకపకా నవ్వుకుంటూ పైకి పోయింది.

"చెప్పులు విప్పి కాళ్ళు చూసుకోరా," అంది నత్త.

"చూడాలంటే వంగాలి కదత్తా! వంగితే నా నడుం విరుగుతుంది."

"విరిగితే విరుగుతుంది. అక్కడ మీ వదిన గుడ్లు ఒరుగులైపోతున్నాయి."

 రోకలిబండ కొండ కిందకి చూసింది. తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని వంగింది.

టప్! టప్! టపటపటపటప్!

ఒళ్ళంతా కట్లు కట్లుగా విడింది. ఆ చప్పుడుకి పక్క ఊళ్ళో పెళ్ళివాళ్ళు మేళం మోగిందనుకుని తొందరపడి అక్షింతలు వేసేశారు. నడుం మాత్రం విరగలేదు. రోకలిబండ గుండ్రంగా చుట్టుకుంది. ముక్కు వెళ్ళి తోకకి తగిలింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన కాళ్ళు తనకి కనిపించాయి.

"అమ్మో! ఇవన్నీ నావేనా?"

నడిమి కాలికి గుమ్మడికాయంత బొబ్బ. "చిదమకు, దాని తోలే దానికి దుప్పటి," అంది నత్త. ఇసక దులిపించింది. చెమట తుడిపించింది. తన జిగురు తీసి మెత్తగా పూసింది. "ఎండ చల్లబడేదాకా కాళ్ళు పైకెత్తి పడుకో," అంది. రోకలిబండ వెల్లకిలా పడుకుంది. దూరంనుంచి చూస్తే అక్కడేదో తోట మొలిచినట్టుంది.

పొద్దు వాలింది. బండలు చల్లారాయి. రోకలిబండ చెప్పులు అక్కడే వదిలేసి, నింపాదిగా నడిచింది. మలుపు మలుపుకీ ఆగి, చుట్టుకుని, కాళ్ళన్నీ చూసుకుని మళ్ళీ లేచింది.

ఊట దగ్గరకి చేరేసరికి బండ కింద ఆకు పరిచి ఉంది.  అయిపోయింది, వదినకేం చెప్పాలి అనుకుంది.

అంతలో ఆ ఆకు మీద ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నట్టు వినిపించింది. చూస్తే తేలు!

"చోటు దొరికింది కదా, ఏడుపెందుకు?"

"కాళ్ళనిండా పల్లేరు ముళ్ళు రోకలీ! నా కళ్ళు నెత్తినున్నాయి. కాళ్ళు కనిపించి చావవు."

"మరి కొండి ఉందిగా, దాంతో తీసుకోలేకపోయావా?"

"తీసుకుందామనే పొడుచుకున్నా. ఇప్పుడు ముల్లుతోపాటు విషం కూడా!"

రోకలిబండకి నవ్వొచ్చింది, నవ్వలేదు. "ముళ్ళు నేను తీస్తా. సగం బండ మాకిస్తావా?"

"సగమా? పావు."

"అయితే నీ ముళ్ళు నీ దగ్గరే ఉంచుకో."

"సరే సరే, సగం! కానీ నేను ఏడ్చానని ఎవరితోనైనా అన్నావో, చూసుకో!"

రోకలిబండ తెల్లారేదాకా ముళ్ళు తీసింది. ముళ్ళు కుప్పపోస్తే ఎడ్లబండి నిండింది. పొద్దున్నే జెర్రి గుడ్లని పొదివిపట్టుకుని వచ్చింది. తమ సగంలో, చెమ్మ మట్టిలో వాటిని పెట్టింది. చెవి ఆనించి వింది. గుడ్ల లోపల పిల్లలు చప్పుడు చేస్తున్నాయి.

"మరిదీ, నువ్వు వంగావా?" అంది జెర్రి, మరిది ఒంటి మీది కట్లు చూసి కళ్ళు తుడుచుకుంటూ.

అప్పటినుంచే రోకలిబండ ఒంటినిండా కట్లున్నాయి. అప్పటినుంచే అది పరుగులు మానేసి నింపాదిగా నడుస్తోంది. ఎవరైనా ముట్టుకుంటే గుండ్రంగా చుట్టుకుంటుంది చూడండి, భయమనుకుంటారు మీరు. భయమూ లేదు, పాడూ లేదు. ఎవరో నడక ఆపారు కదా, పనిలో పనిగా కాళ్ళు చూసుకుంటుంది, అంతే.

ఊఁ, లేవండి. నువ్వు, ఆ చివర కూర్చున్నదానివి, పెరట్లోకి వెళ్ళి పులుసులోకి రెండు కరివేపాకు రెబ్బలు తుంపుకురా. దారిలో ఎవరైనా చుట్టుకుని ఉంటే కదపకు, పక్కనుంచి రా.