వాల్రస్ మీసాలు

భానోజీరావు రాసిన పుస్తకంలో ఒక్క తప్పు కూడా లేదు. అయినా పిల్లలు వినలేదు. అదీ అతని బాధ.

నాగావళి ఒడ్డున నిత్యబోధ స్వామి ఆశ్రమం, అందులో ఒక చిన్న బడి ఉన్నాయి. భానోజీరావు అంతకుముందు శ్రీకాకుళంలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరు. ఉద్యోగం వదిలేసి స్వామికి శిష్యుడయ్యాడు. గుబురు మీసాన్నీ, తన చదువు మీది ధీమానీ మాత్రం వదల్లేదు. స్వామి కూడా వాటి ఊసెత్తలేదు.

ఆ ఏడాది బడిపిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం చెయ్యమన్నారు స్వామి. కట్టుకథ వద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్నారు. భానోజీరావు వాల్రస్‌ని ఎంచుకున్నాడు. ఉత్తర ధ్రువం దగ్గర, మంచు తేలే సముద్రంలో బతుకుతూ, అడుగునున్న గుల్లల్ని ఏరుకు తినే భారీ జంతువు అది. కిందికి దిగిన రెండు కోరలు, మూతి నిండా బిరుసు మీసాలు. బడిలో డ్రాయింగు నేర్పే సుగుణమ్మ బొమ్మలు వేసింది. మంచుగడ్డ మీద వాల్రస్‌లు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయే బొమ్మ చూసి స్వామి చాలాసేపు నవ్వుకున్నారు.

అచ్చుకు పంపేముందు భానోజీరావు ఆ పుస్తకాన్ని పిల్లలకు చదివి వినిపించాడు. బొమ్మ చూపించినప్పుడల్లా ముందుకు జరిగేవాళ్ళు. చదవడం మొదలుపెట్టగానే వెనక్కి వాలిపోయేవాళ్ళు. పైడితల్లి అనే పిల్ల ఒక్కతే ప్రశ్న అడిగింది. సముద్రం అడుగున అంతా చీకటి కదా, మరి దానికి తిండి ఎలా దొరుకుతుందని. అది పుస్తకంలోనే ఉందన్నాడు భానోజీరావు. "స్పర్శజ్ఞానం గల దృఢరోమాల సాయంతో వాల్రస్ ఆహారాన్వేషణ సాగిస్తుంది" అని మళ్ళీ చదివాడు.

పైడితల్లి ఆవలించింది.

ఆ సాయంత్రం అతను స్వామి దగ్గరికి వెళ్ళాడు. స్వామి వరండాలో కూర్చుని ఉడకబెట్టిన వేరుశనగకాయలు ఒలుచుకుంటున్నారు. ఈ పిల్లలకు దయ్యాల కథలు తప్ప ఏవీ ఎక్కవని చెప్పాడు భానోజీరావు. పుస్తకాన్ని ఇలాగే అచ్చువేయించి పట్నంలోని పెద్ద బళ్ళకు పంపిద్దామని, అక్కడైతే అర్థం చేసుకునేవాళ్ళుంటారని అన్నాడు. అనుమతి ఇమ్మన్నాడు.

స్వామి వంటింట్లోంచి గంగాళం తెప్పించారు. అందులో ఏటి ఇసుక, గులకరాళ్ళు వేయించి, బురదనీళ్ళు పోయించారు. తన ముందున్న కాయలు గుప్పెడు తీసి ఆ నీళ్ళలో వేసి కలిపారు. తర్వాత భుజం మీది కండువా తీసి శిష్యుడి కళ్ళకు గంతలు కట్టారు.

"చేతులు వెనక్కి పెట్టుకో," అన్నారు. "మీసంతో వెతుకు."

పరాచికమేమో అనుకున్నాడు భానోజీరావు. స్వామి గొంతులో నవ్వు లేదు. మోకాళ్ళ మీద కూర్చుని మూతి నీళ్ళలో ముంచాడు.

ఆశ్రమంలో ఇలాంటి కబురు దాగదు. పిల్లలందరూ పరుగెత్తుకొచ్చి గంగాళం చుట్టూ చేరారు. మాస్టారికి మొదట ఇసుక దొరికింది. తుమ్మాడు. తర్వాత గులకరాయి పంటికింద పడింది. పిల్లలు పడీపడీ నవ్వారు. సుగుణమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గుతో భానోజీరావు చెవులు ఎర్రబడ్డాయి. తొందర తొందరగా వెతికాడు. ఎంత తొందరపడితే అన్ని రాళ్ళు తగిలాయి.

చివరికి అలిసిపోయి, ముక్కు మాత్రం నీటికి పైన పెట్టుకుని కదలకుండా ఉండిపోయాడు. అప్పుడు తెలిసింది, మీసంలో వెంట్రుకలు ఒక్కొక్కటీ వేరువేరుగా కదులుతున్నాయని. ఇన్నేళ్ళూ దువ్వుకున్నాడే గానీ అవి ఏదైనా చెబుతాయని అతను అనుకోలేదు. మెల్లగా మొహాన్ని ఎడమకి జరిపాడు. ఒక రాయి తగిలింది. వదిలేశాడు. ఇంకొంచెం జరిపాడు. మరొకటేదో తగిలింది. దాన్ని వదల్లేదు. పెదవులతో పట్టుకుని తల పైకెత్తాడు.

వేరుశనగకాయ.

నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో అతనికి తెలియదు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. పైడితల్లి గంగాళం అంచు పట్టుకుని ముందుకు వంగింది.

"అది రాయి కాదని నీకెలగ తెలిసింది మాస్టారూ?"

భానోజీరావు కాయను ఒళ్ళోకి వదిలాడు. స్పర్శజ్ఞానం అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అన్నాడు కాదు. మీసం మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"రాయి తగిలితే వెంట్రుక ఆగిపోయిందే," అన్నాడు నెమ్మదిగా. "ఇది తగిలినప్పుడు ఆగలేదు. ఇది తగిలినప్పుడు..."

మాట దొరకలేదు. పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఒక్కరూ కదల్లేదు. అతను తల వెనక గంతల ముడి విప్పుకోబోయాడు. స్వామి అతని చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండు భానోజీ. ఆ మాట దొరికాక విప్పుదువుగాని."