జంటకనుమ మరలమ్మ తల్లి ముఖం తిరిగిన వైనం

మేలుగడ్డ, నీరవల్లి దేశాల నడుమనున్న జంటకనుమలో మరలమ్మ తల్లి కొలువై ఉంది. రాతి కుదురులో నిలిపిన నిలువెత్తు వేపమాను విగ్రహం అది. తల్లి పాదాల చెంత ఆముదం పోసి, ఆమె భుజం మీద చేయి వేసి ప్రదక్షిణ చేయడం ఇక్కడి ఆచారం.

పూర్వం ఇక్కడ తల్లి తూర్పున మేలుగడ్డ వైపే చూస్తూ ఉండేదట. ఒక ఏడు జాతర ముగిసిన మరునాడు చూస్తే ఆమె ముఖం పడమటికి, నీరవల్లి వైపు తిరిగి ఉంది. ఇంకేముంది! నీరవల్లి వారే దొంగచాటుగా తిప్పేశారని మేలుగడ్డ వారు గగ్గోలు పెట్టారు. యుద్ధానికి సాకు కోసం మేలుగడ్డ వారే తిప్పుకున్నారని నీరవల్లి వారు మండిపడ్డారు. కొండ కింద సొరంగం తవ్వి ఈ పని చేశారన్న మాట రెండు దేశాల్లోనూ పాకింది. సొరంగాన్ని చూసినవాడు లేడు గాని, అందులో ఎన్ని కాగడాలు వెలిగాయో చెప్పేవారు మాత్రం ఊరూరా ఉన్నారు. కనుమకు ఇరువైపులా సేనలు దిగాయి. దారి మూతపడింది.

మేలుగడ్డలో గానుగ ఆడించే ఆదెమ్మకు ఈ రచ్చ ఏదీ పట్టలేదు. ఆమె ఒక్కగానొక్క కూతురు నూకాలు నీరవల్లి కోడలు, నిండు చూలాలు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. పిల్ల తన కోసం ఎదురుచూస్తూ ఉంటుందని తలచుకుంటే ఆదెమ్మకు ముద్ద దిగేది కాదు. చివరికి ఆముదం గిన్నె చేతబట్టి కనుమకు బయలుదేరింది.

"దారి లేదమ్మా, వెనక్కి వెళ్ళు," అన్నాడు మేలుగడ్డ దళపతి.

"ఒక్క ప్రదక్షిణ చేసుకుని పోతాను బాబూ. నా బిడ్డ నీళ్లాడే వేళయింది. తల్లికి చెప్పుకోకుండా ఎట్లా పోను?"

అతడి మనసు కరిగింది. ఆదెమ్మ నూనె పోసి, కళ్లు తుడుచుకుని, అందరిలాగే భుజం మీద చేయి ఆనించి నడవసాగింది. ఆమెతో పాటే విగ్రహమూ కిర్రుమంటూ తిరిగింది. రెండు సేనలూ నోళ్లు వెళ్లబెట్టి చూశాయి.

"కుట్ర చేసింది ఎవరమ్మా మరి?" అన్నాడు దళపతి.

"మనమే బాబూ! అటువాళ్లం, ఇటువాళ్లం ఏళ్ల తరబడి నూనె పోసి కుదురును జారుడు చేశాం, చెయ్యేసి నడిచి తల్లిని తిప్పాం. జాతరలో ముందువాడి వీపు తప్ప ఎవరికేం కనబడింది?"

దళపతికి నవ్వు ఆగలేదు. అవతలి దళపతీ నవ్వేశాడు. ఆ సాయంత్రమే నీరవల్లి భటులు నూకాలును పల్లకిలో కనుమ దాకా మోసుకొచ్చారు. అక్కడి నుంచి మేలుగడ్డ భటులు పల్లకిని తమ భుజాలకెత్తుకుని ఆమెను పుట్టింటికి చేర్చారు. పండంటి ఆడపిల్ల పుట్టింది. కనుమలోని తల్లికి మరలమ్మ అన్న పేరు ఆనాటి నుంచే స్థిరపడింది.

నేటికీ తల్లి ముఖం ఎటు నిలిచినా ఎవరూ సరిచేయరు. ఇక్కడ మొక్కుకుంటే సుఖప్రసవమవుతుందని, తెగిన బంధుత్వాలు కలుస్తాయని భక్తుల నమ్మకం. పురిటి నుంచి అత్తవారింటికి మరలే బాలింత, కనుమలో తన బిడ్డను ఎదుటి దేశపు కావలివాని చేతికిచ్చి మరలమ్మ చుట్టూ తిప్పిస్తుంది. పసిబిడ్డను ఎత్తుకోవాలంటే రెండు చేతులూ కావాలి కనుక, అతడు ఈటెను కింద పెట్టక తప్పదు.