తెల్లబట్టలు ఉతకని మంగళవారం

విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రం చెప్పే వకుళ మేడంకి ఒక అలవాటుంది. అడిగిన ప్రశ్నకు ఆవిడ సూటిగా జవాబివ్వరు. చేతికి ఖాళీ సీసా ఇస్తారు.

ఎమ్మెస్సీ మొదటి ఏడాది చదివే ఈశ్వరి ఒక మంగళవారం పొద్దున్నే, చదువు మానేస్తానంటూ దరఖాస్తు తెచ్చింది. మేడం సంతకం పెడితే సర్టిఫికెట్లు చేతికొస్తాయి, బీఎడ్‌లో చేరాలి. ఆ సీటుకి మర్నాడే గడువు.

"ఇది చదివితే ఏమవుతాను మేడం? లా చదివితే లాయరంటారు. 'మరి నిన్నేమంటారే, చెట్టంటారా?' అని మా మావయ్య వెక్కిరిస్తున్నాడు."

ప్రశ్న మావయ్యది, మానాల్సిన చదువు ఈశ్వరిది. మన ఇళ్ళలో పంపకాలు ఇలాగే ఉంటాయి.

"గోడమీద ఉద్యోగాల జాబితా ఉందిగా. కాలుష్య నియంత్రణ మండలి, ప్రయోగశాలలు, ఫ్యాక్టరీలకి నివేదికలు రాసిచ్చే సంస్థలు..."

"చూశాను. దాని పక్క ఫొటోల్లో హెల్మెట్లు పెట్టుకున్నవాళ్ళంతా మగవాళ్ళే."

మేడం నవ్వారు. దరఖాస్తు తిరిగిచ్చేసి, దానితోపాటు ఒక సీసా, ఒక పాత నివేదిక చేతిలో పెట్టి, ఆమెను వెంటబెట్టుకుని బస్సెక్కారు.

నివేదిక ఒక ఊరి పక్కన పారే వాగు గురించి. వాగుకి ఎగువన రంగుల ఫ్యాక్టరీ ఉంది. ఒక గురువారం నీళ్ళు తీసి పరీక్షించి, శుభ్రంగా ఉన్నాయని తేల్చారు. చివర 'ఆచారాలు' అన్న శీర్షిక కింద ఒకే వాక్యం: 'ఇక్కడి స్త్రీలు మంగళ, శనివారాల్లో తెల్లబట్టలు ఉతకరు.'

బస్సు దిగి వెళ్ళేసరికి ఆ వాగు దగ్గర సన్యాసమ్మ అనే ఆవిడ రంగు చీరలు ఉతుకుతోంది. "ఏ దేవుడికి మొక్కు పిన్నీ, తెల్లవి ఉతకరట?" అని అడిగింది ఈశ్వరి.

సన్యాసమ్మ చీరను బండకేసి ఒక్క బాదు బాదింది. "దేవుడేటమ్మా! సోమారం, సుక్కురారం రాత్రి ఫ్యాక్టరీవోళ్ళు నీళ్ళొదిలేత్తారు. తెల్లపంచె పసుప్పచ్చగా ఆరితే మా ఆయన తిట్లు నువ్వు పడతావేటి?"

పక్కనున్న ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు.

"మరి ఈ మాట నివేదిక రాసినాయనకి చెప్పలేదా?"

"మమ్మల్నెక్కడడిగాడు? సీసా ముంచుకుని, సర్పంచింట్లో టీ తాగి, మగోళ్ళనడిగి రాసుకెళ్ళాడు. ఉతికేది ఆళ్ళేటి?"

ఈశ్వరి తన తెల్ల చేతిరుమాలు వాగులో ముంచి బండమీద ఆరేసింది. ఎండ తగిలేకొద్దీ అంచుల్లో పసుపు తేలింది. గబగబా సీసా నింపి, దానిమీద వారం, వేళ రాసింది. ఇక ప్రశ్నలు ఆగలేదు. ఇలా ఎన్నేళ్ళనుంచి? చేతులు దురద పెడతాయా? తాగే బావి ఎంత దూరం? రాసుకోడానికి సంచీలో చేతికందిన కాగితం తీసి, వెనకవైపంతా నింపేసింది.

తిరిగొచ్చే బస్సులో మేడం ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఒకవైపు చదువు మానేస్తానన్న దరఖాస్తు. రెండోవైపు సన్యాసమ్మ మాటలు. ఆవిడ కలం మూత తీశారు.

"సంతకం పెట్టనా?"

ఈశ్వరి కాగితం లాగేసుకుంది. దాన్ని మడిచి సంచీలో పెట్టుకుంటూ, "మావయ్యకేం చెప్పను మేడం? ఉద్యోగం అంటాడు," అంది.

"ఆ నివేదిక రాసినాయన మంచి ఉద్యోగంలోనే ఉన్నాడమ్మా," అన్నారు మేడం కలం మూత పెడుతూ. "ఇప్పుడు నిన్ను నువ్వడుగు, నీకు ఆ ఉద్యోగమొక్కటే చాలో, ఇంకేం కావాలో."