రాతికి అంటుకున్న ప్రాణి

కొండ మీది బౌద్ధారామంలో ఉపసేనుడికి రెండు కాళ్ళూ పడిపోయి నాలుగేళ్ళయింది. తోటి భిక్షువులు ఊళ్ళో భిక్ష తెచ్చి పెడితే తినడం, వాకిట్లో చాప మీద కూర్చోవడం. ఒక ఉదయం ఇక ఉండబట్టలేక గురువుతో చెప్పేశాడు.

"ఊరికే కూర్చుని తింటున్నాను భంతే. సిగ్గుగా ఉంది. నన్ను మా ఊరికి పంపించేయండి."

గురువు బోధినాగ స్థవిరుడికి డెబ్బై ఏళ్ళు. వెళ్ళమనలేదు, ఉండమనలేదు. "సరే, పద" అంటూ వంగి వీపు చూపించాడు. ఉపసేనుడు వద్దు వద్దన్నా వినలేదు. ఆ పెద్దాయన మొండితనం ముందు ఎవరి మాటా సాగేది కాదు.

కొండ దిగాక, ఆయాసం తీర్చుకోవడానికి సముద్రపు ఒడ్డున ఆగారు. పోటు తగ్గి రాళ్ళ మధ్య గుంటల్లో నీళ్ళు నిలిచాయి. ఒక గుంటలో, రాతికి అంటుకుని నారింజ రంగు ముద్ద ఒకటి కనబడింది.

"అదేమిటి భంతే, నాచా?"

"కాదు, ప్రాణి. స్పంజిక. పసితనంలో కాస్త ఈదింది. తర్వాత ఈ రాతిని పట్టుకుంది. ఇక కదల్లేదు."

"మరి ఏం చేస్తుంది?"

శిష్యుడి మడమ పుండుకు రాసే పసుపు గురువు దగ్గరుంది. చిటికెడు తీసి అరచేతి నీళ్ళలో కలిపి, దాని పక్కన మెల్లగా వదిలాడు. ఆ నీళ్ళు దాని ఒంటి మీది సన్నని రంధ్రాల్లోకి పోయాయి. కాసేపటికి నెత్తిన ఉన్న పెద్ద రంధ్రంలోంచి పసుపు ధార పైకి లేచింది.

"ఇలా ఎంతసేపు?" అన్నాడు ఉపసేనుడు ఆశ్చర్యంగా.

"రోజంతా. ఈ గుంటలో నీళ్ళన్నీ దాని ఒంట్లోంచే పోతాయి."

అంతలో జాలరి నూకాలు గంపతో అటే వచ్చింది.

"ఏటి బాబూ, ఇక్కడున్నారు? మీ కోసమే కొండెక్కుతన్నాను."

గంప దించి ఉపసేనుడి ఎదురుగా కూలబడింది. కిందటి వానల్లో జ్వరంతో పోయిన కూతురి మాట ఎత్తింది. వారం వారం చెప్పే మాటలే. అతను ఎప్పట్లాగే "ఊఁ" అంటూ విన్నాడు. సలహా ఏమీ ఇవ్వలేదు, తెలిస్తే కదా. చివరికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గుండె తేలికైంది బాబూ. మా ఇంట్లో అందరూ తిరిగేవోళ్ళే, కూకుని ఇనేవోళ్ళు నేరు. వచ్చే వారం కొండ మీదే ఉంటారు గదా?"

ఉపసేనుడికి ఆరామం వాకిట్లోని తన చాప గుర్తొచ్చింది. నాలుగేళ్ళలో ఆ చాప పక్కన ఎంతమంది వచ్చి కూర్చున్నారో! కళ్ళు నిండాయి. తనకు అన్నం తెచ్చి పెట్టిన ప్రతి చేతికీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

"ఉంటానమ్మా" అన్నాడు.

గురువు అప్పటికే వంగి వీపు చూపిస్తున్నాడు.

"ఎక్కు. గట్టిగా పట్టుకో."